ఇంట్లో మోజిటో: పుదీనా చేదెక్కుతోంది, పంచదార అడుగున మిగిలిపోతోంది

ప్రశ్న
అడిగినవారు: బ్రాడీపేట నాలుగో లైను

సభ్యులందరికీ నమస్కారం. మాది గుంటూరు. ఎండాకాలం సాయంత్రాల్లో డాబా మీద నీళ్లు చల్లుకుని, అది కాస్త చల్లబడ్డాక నలుగురం కూర్చోవడం మాకు అలవాటు. పోయిన శనివారం మా బావమరిది విజయవాడ నుంచి వస్తున్నాడని తెలిసి, ఎప్పుడూ ఉండే బీరుకు బదులు రమ్ము, పుదీనా, నిమ్మరసంతో చేసే మోజిటోను ఇంట్లోనే కలుపుదామని పూనుకున్నాను.

చేసిన పద్ధతి ఉన్నదున్నట్టు చెబుతాను, తప్పెక్కడ జరిగిందో మీరే చెప్పండి. రైతుబజారులో కొన్న పుదీనా కట్టలో సగం కడిగి, కాడలతో సహా మిక్సీ జారులో వేసి, రెండు నిమ్మకాయల రసం, కాసిని నీళ్లు పోసి మెత్తగా తిప్పాను. ఆ ముద్దను నాలుగు గాజు గ్లాసులకు సమంగా పంచి, ఒక్కోదానిలో పెద్ద పెగ్గు రమ్ము పోసి, రెండు చెంచాల పంచదార, ఐసు ముక్కలు వేసి, పైన సోడా నింపి, పంచదార కరగాలి కదా అని చెంచాతో గట్టిగా గిలకొట్టాను. నురుగంతా పొంగి బల్ల మీదికి పోయింది. గ్లాసులో మిగిలినదానికి చెరువు పాచి రంగు వచ్చింది. మొదటి గుక్కలో పచ్చిగడ్డి వాసన, రెండో గుక్కలో నాలుక వెనక పట్టుకుని వదలని చేదు. సోడాలో గ్యాసన్నది లేదు, పంచదార మాత్రం చివరిదాకా అడుగునే కూర్చుంది. మా బావమరిది మర్యాదస్తుడు కనక గ్లాసు ఖాళీ చేసి, "బావగారూ, దీనికి తోడు రెండు ఇడ్లీలు కూడా పెట్టి ఉంటే సరిపోయేది" అన్నాడు.

నా సందేహాలు ఇవి. మన బజారులో దొరికే పుదీనా ఈ పానీయానికి పనికొస్తుందా, లేక వేరే రకం కావాలా? తెల్ల రమ్మే పోయాలా, ఇంట్లో ఉన్న ముదురు రంగు రమ్ము ఓల్డ్ మంక్ చాలదా? పంచదార కరిగేదెలా? వచ్చే శనివారం ఆయన మళ్లీ వస్తున్నారు, ఈసారి పరువు నిలబెట్టుకోవాలి.

జవాబు 1
రాసినవారు: పటమట డాబాతోట

మీ బావమరిది గారి మాటలో వేళాకోళం కంటే నిజమే ఎక్కువ ఉన్నదండీ. మీరు చేసినది పుదీనా పచ్చడి, దానిలో రమ్ము పోశారు. పచ్చడికి ఆకు రుచి కావాలి కనక నూరుతాం, మోజిటోకు కావలసినది ఆకు వాసన మాత్రమే. ఈ తేడా పట్టుబడితే మిగతా తప్పులు వాటంతట అవే సర్దుకుంటాయి.

పుదీనా ఆకును వెలుతురుకు అడ్డంగా పెట్టి దగ్గరగా చూస్తే, ముఖ్యంగా అడుగువైపున, సూదిమొనంత చుక్కలు కనిపిస్తాయి. పరిమళాన్నిచ్చే నూనె ఆ సన్నని తిత్తుల్లో, అంటే ఆకు పైపొర మీదే ఉంటుంది. వాటిని పగలగొట్టడానికి చేతి ఒత్తిడి చాలు. మిక్సీ బ్లేడు అంతటితో ఆగక ఆకు లోపలి కణాలను కూడా చీల్చేస్తుంది, దాంతో ఆకుపచ్చ పసరూ, వగరు పదార్థాలూ బయటికి వచ్చి, గాలి తగిలి నల్లబడడం మొదలుపెడతాయి. మీకు తగిలిన గడ్డి వాసన, చేదు, పాచి రంగు ఈ మూడూ అక్కడివే. కాడల వగరు దానికి తోడయింది.

రకం గురించి దిగులు పడనక్కరలేదు. ఈ పానీయం పుట్టినిల్లు క్యూబా. అక్కడ దీనికి వాడే ఆకును యెర్బ బ్వేనా అంటారు, మంచి మూలిక అని దాని అర్థం. అది మన వంటింటి పుదీనాకు దగ్గరి బంధువే. మన కట్టల్లో వచ్చేది స్పియర్‌మింట్ జాతి, దాని వాసనకు మూలం కార్వోన్ అనే పదార్థం. నోరు చల్లగా జిల్లుమనిపించే మెంథాల్ ఎక్కువగా ఉండే పుదీనా వేరు. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల నూనె కోసం పొలాలకు పొలాలు వేసేది దాన్నే. పొరపాటున అది నర్సరీ నుంచి తెచ్చి గ్లాసులో వేస్తే నొప్పుల మందు తాగినట్టుంటుంది, నేను ఒకసారి ఆ పని చేసి ఉన్నాను కనక చెబుతున్నాను.

ఇక పద్ధతి. గ్లాసుకు ఎనిమిది నుంచి పది లేత ఆకులు తుంచుకోండి, కాడలు వద్దు. అడుగు మందంగా ఉన్న గాజు గ్లాసులో ముందుగా రెండు చెంచాల పంచదార వేసి, నిమ్మరసం పోసి, పంచదార దాదాపు కరిగేదాకా తిప్పండి. పంచదార నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాని సారాయిలో కరగడానికి మొరాయిస్తుంది, చల్లదనం తగిలితే మరీ. మీరు రమ్ము ముందు పోసి, ఆ తరవాత పంచదార, వెంటనే ఐసు వేశారు కనక అది అడుగుననే కూర్చున్నది. కరిగాక ఆకులు వేసి, పప్పుగుత్తి వెనకవైపుతో, అంటే గుండ్రటి పిడి కొనతో, నాలుగైదు సార్లు అదిమి కొద్దిగా తిప్పండి. పప్పు మెదిపినట్టు కాదు, చంటిపిల్లవాడి వీపు తట్టినట్టు. వాసన గుప్పున ముక్కుకు తగలగానే ఆపేయాలి. అప్పటికి ఆకులు నలిగి, కాస్త ముదురు రంగుకు తిరిగి ఉంటాయే తప్ప ఒక్కటీ చిరగకూడదు. ఆ తరవాత రమ్ము, ఆ తరవాత గ్లాసు అంచుదాకా ఐసు, చివరన సోడా. పొడుగు చెంచాను అడుగుదాకా దించి, ఒక్కసారి మెల్లగా పైకి లేపితే చాలు, గిలకొట్టడం వద్దు.

అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం వారి కొలత ప్రకారం తెల్ల రమ్ము 45 మిల్లీలీటర్లు, తాజా నిమ్మరసం 20 మిల్లీలీటర్లు, పంచదార రెండు చిన్న చెంచాలు, పుదీనా ఆరు రెమ్మలు, పైన సోడా. మన లెక్కలో చిన్న పెగ్గు 30, పెద్ద పెగ్గు 60 కనక ఇది సరిగ్గా ఒకటిన్నర చిన్న పెగ్గు, లేదా మూడు పెద్ద చెంచాలు. మీరు పెద్ద పెగ్గు పోసి, దానికి తగ్గట్టు పులుపూ తీపీ పెంచలేదు కనక ఘాటు కూడా పైకి తేలి ఉంటుంది.

అన్నట్టు, స్పానిష్ వాళ్లు ఆ పేరును మొహీతో అని పలుకుతారు. మన మెనూ కార్డుల్లో మోజిటో అనే స్థిరపడిపోయింది కనక నేనూ అదే రాస్తున్నాను.

జవాబు 2
రాసినవారు: తెనాలి నిమ్మబస్తా

పైవారు పుదీనా గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నిమ్మకాయకు కూడా కొంచెం న్యాయం చేద్దామని రాస్తున్నాను, మా ఇంట్లో రెండు తరాలుగా ఆ వ్యాపారమే కనక.

విదేశీ వంటల వీడియోల్లో పెద్దగా, ముదురాకుపచ్చగా, గింజలు లేకుండా కనిపించే నిమ్మకాయను చూసి, అది ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతుంటారు. అది పర్షియన్ నిమ్మ. కరీబియన్ దీవుల్లో పాతకాలం నుంచీ పానీయాల్లో పిండుతున్నది మాత్రం చిన్నగా, గుండ్రంగా, పలచటి తొక్కతో, నిండా గింజలతో ఉండే కాయ, అంటే మన తెనాలి మార్కెట్ యార్డుకు బస్తాల్లో వచ్చే నిమ్మ జాతే. ఆ విషయంలో మనం క్యూబావాళ్లకు ఏమాత్రం తీసిపోము. మెరుస్తూ, పసుపు తిరుగుతూ, చేతిలో బరువుగా ఉన్న కాయను తీసుకుని, కోసే ముందు బల్ల మీద అరచేత్తో నొక్కి దొర్లించండి. మంచి కాయ ఒకటి, కాస్త ఎండిన కాయైతే ఒకటిన్నర, ఒక గ్లాసుకు సరిపోతుంది.

కొందరు నిమ్మచెక్కలను కూడా గ్లాసులోనే వేసి పుదీనాతో కలిపి దంచుతారు. తొక్కలోని నూనె దిగి వాసన బాగానే ఉంటుంది కాని, గట్టిగా దంచితే తొక్క కింది తెల్లపొర, గింజలు నలిగి చేదు దిగుతుంది. చేదు అసలే మీ బాధ కనక, ఈసారికి రసం విడిగా పిండి, టీ వడగట్టే జాలీలో గింజలు తీసేసి పోయండి. పొద్దున పిండి ఫ్రిజ్‌లో దాచిన రసం వద్దు, నిలవుంటే దానికదే చేదు తిరుగుతుంది.

ఇంకొక మాట. ఎండ ఉండగానే డాబా మీద కూర్చుని పదుల కొద్దీ కాయలు పిండే పని పెట్టుకోకండి. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కొందరికి బొబ్బలెక్కి, ఆ మచ్చలు వారాల తరబడి పోవు. వంటింట్లో పిండుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని పైకి వెళ్లండి.

జవాబు 3
రాసినవారు: గవర్నరుపేట పాతకాపు

ఓల్డ్ మంక్ గురించి అడిగారు కనక నేను మాట్లాడక తప్పదు. తెల్ల రమ్మే పోయాలన్న నియమాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. చరిత్ర చూస్తే, 16వ శతాబ్దంలో ఇంగ్లండు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ నౌకల నాటి కథగా క్యూబాలో చెప్పుకునే ఎల్ డ్రాకె అన్న పానీయంలో పోసినది మనం ఇప్పుడు తెల్ల రమ్ము అంటున్న నాజూకు సరుకు కానేకాదు, చెరకు నుంచి దించిన మోటు సారాయి. ఆ మోటుదనాన్ని కప్పడానికే నిమ్మ, పంచదార, పుదీనా వచ్చి చేరాయి. చెరకు పండే ప్రతిచోటా ఆ తెలివి ఉంటుంది. ఉయ్యూరు చెరకు చూస్తూ పెరిగిన మనకు ఇది విడ్డూరం కాదు.

తరవాత 1862లో సాంటియాగో దె క్యూబాలో బకార్డీ రమ్ము వ్యాపారం మొదలై, రమ్మును బొగ్గులో వడగట్టి తేటపరచే పద్ధతి స్థిరపడ్డాక ఈ తేలిక రమ్ము వాడుకలోకి వచ్చింది. 1930ల నాటికి హవానా బార్ల కరపత్రాల్లో మోజిటో అన్న పేరుతో కొలతలు అచ్చయ్యాయి. ఇప్పుడు పర్యాటకులు గోడల మీద సంతకాలు పెట్టి వచ్చే ల బొదెగీత దెల్ మెదియో, మోజిటోకు పేరుపడ్డ హవానా బారు, 1942లో తెరిచిన కొట్టు.

మన రాష్ట్రంలో అయిదేళ్లపాటు ప్రభుత్వ దుకాణాల్లో ఏ పేరున్న సీసా దొరికితే అదే మహాప్రసాదం అన్నట్టు గడిచింది. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తెరిచాక తెలిసిన పేర్లు మళ్లీ అరల మీదికి వచ్చాయి. అందుచేత తెల్ల రమ్ము కొనడం ఇప్పుడు కష్టం కాదు. కాని ఇంట్లో ఓల్డ్ మంక్ ఉండగా మోజిటో కోసమని ఇంకో సీసా కొనవలసిన అగత్యం నాకు కనిపించదు. రెండిటి ఘాటూ ఒకటే, మన సీసాల మీద మామూలుగా 42.8 శాతం అనే ఉంటుంది. ఓల్డ్ మంక్ పోసినప్పుడు ఒక చెంచా పంచదార తగ్గించి, నిమ్మరసం నాలుగు చుక్కలు పెంచండి. రంగు తేనీరులా ఉంటుంది, రుచి మాత్రం నిండుగా ఉంటుంది.

జవాబు 4
రాసినవారు: పటమట డాబాతోట

పాతకాపు గారూ, చరిత్ర మీరు చెప్పినట్టే, అభ్యంతరం లేదు. కాని ఓల్డ్ మంక్‌లో వెనీలా, మాడిన పంచదార వాసనలు ఎంత బలంగా ఉంటాయంటే, పదాకుల పుదీనా వాటి ముందు నోరెత్తలేదు. అది మంచి పానీయమే అయి ఉండవచ్చు, అల్లం ముక్క పడితే ఇంకా బాగుంటుంది, కాని ప్రశ్న అడిగినవారు చేయదలచుకున్నది పుదీనా పానీయం. మొదటిసారి సరిగా కుదరాలంటే తెల్ల రమ్ముతో చేయమనే చెబుతాను. కుదిరాక ఆయన ఇష్టం.

బెల్లం వేయవచ్చా అని ఎవరైనా అడిగేలోపే చెబుతున్నాను, వేశాను. మడ్డి తేలింది, పానకం వాసన వచ్చింది. శ్రీరామనవమికి పనికొస్తుంది, రమ్ము లేకుండా.

జవాబు 5
రాసినవారు: బ్రాడీపేట నాలుగో లైను

అందరికీ కృతజ్ఞతలు. మిక్సీ సంగతి చదివి మా శ్రీమతి "నేను ఆ రోజే చెప్పాను" అన్నది, నిజంగానే చెప్పింది. ఇప్పుడు రెండు సందేహాలు మిగిలాయి. ఈసారి ఎనిమిదిమందిమి కూర్చుంటున్నాము, ఒక్కొక్క గ్లాసుకూ విడివిడిగా పంచదార కరిగిస్తూ ఉంటే నాకు కూర్చునే వీలే ఉండదు. రెండోది సోడా. మా వీధి చివర బండి మీద దొరికే గోలీ సోడా తెచ్చాను, గ్యాసు బాగానే ఉంటుంది, అయినా గ్లాసులో పోసేసరికి చచ్చిపోయింది. కారణం ఏమిటి? ఎనిమిదిమందిలో ఇద్దరు మందు ముట్టరు, వాళ్లకు ఏమి ఇవ్వాలో కూడా చెప్పగలరు.

జవాబు 6
రాసినవారు: తెనాలి నిమ్మబస్తా

సోడా విషయంలో తప్పు బండివాడిది కాదు, ఎండది. గ్యాసు చల్లటి నీటిలోనే నిలుస్తుంది. సున్న డిగ్రీల దగ్గర నీళ్లు పట్టి ఉంచుకోగలిగినంత గ్యాసులో 20 డిగ్రీలకే సగం జారిపోతుంది, మన గుంటూరు మే నెల వేడికి ఇక చెప్పేదేముంది. సీసాను కనీసం నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, మూత ఆఖరి నిమిషంలో తీయండి. గ్లాసులు కూడా చల్లబరచండి. గ్లాసును కాస్త వంచి, లోపలి గోడ వెంబడి మెల్లగా పోయండి. గ్లాసుకు 100 మిల్లీలీటర్లకు మించి సోడా అక్కర లేదు, మించితే నిమ్మసోడాలో రమ్ము చుక్క పడినట్టుంటుంది. గోలీ సోడా వాడడంలో తప్పు లేదు కాని, ఉప్పు వేయని సాదా సోడా అని అడిగి తెచ్చుకోండి.

ఐసు గురించి ఎవరూ చెప్పలేదు. తాగే నీళ్లతో ఇంట్లో గడ్డకట్టించినదే వాడండి. తక్కువ పడిందని చేపల మార్కెట్ దగ్గర దిమ్మ ఐసు కొట్టించి తెచ్చేవాళ్లు ఉన్నారు, అది తాగడానికి చేసిన ఐసు కాదు. ముక్కలను శుభ్రమైన తువ్వాల్లో మూటగట్టి అప్పడాల కర్రతో నాలుగు దెబ్బలు వేస్తే సరిపోయినంత నలుగుతుంది. మరీ పొడి చేస్తే తొందరగా కరిగి పలచబడుతుంది.

జవాబు 7
రాసినవారు: పటమట డాబాతోట

ఎనిమిదిమందికైతే పాకం చేసి పెట్టుకోండి. తీగపాకాలూ ఉండపాకాలూ అక్కర లేదు, ఒక గ్లాసు పంచదారకు ఒక గ్లాసు నీళ్లు పోసి, పొయ్యి మీద కరిగీ కరగగానే దించి చల్లార్చి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలపాటు నిక్షేపంగా ఉంటుంది. గ్లాసుకు 20 మిల్లీలీటర్లు, అంటే పెద్ద చెంచాడు, పైన ఇంకొంచెం. ఆరుగురి రమ్ము ఆరు నలభైఅయిదులు 270 మిల్లీలీటర్లు, నిమ్మరసం 120, పాకం 120 కలిపి ఒక కూజాలో పోసి చల్లగా ఉంచండి. మందు ముట్టని ఇద్దరికీ రమ్ము లేకుండా వేరే కూజా, కలగాపులగం కాకుండా రంగు దారమో ఏదో కట్టి పెట్టండి. పుదీనా మాత్రం కూజాలో వేయవద్దు. అది ఎవరి గ్లాసులో వాళ్లకు, ఇచ్చే ముందే, పాకం కొద్దిగా పోసి అదమాలి.

రమ్ము లేని గ్లాసులో ఘాటు లోటు తెలియకుండా ఒక చిన్న అల్లం ముక్క పుదీనాతోపాటే అదిమి, సోడా ఇంకొంచెం ఎక్కువ పోయండి. మా ఇంట్లో పిల్లలు ఇదే తాగుతారు. ఈ మధ్య ప్రతి బేకరీలోనూ మోజిటో పేరుతో అమ్ముతున్న ఆకుపచ్చ ద్రవం సంగతి వేరు. మా పక్కవీధిలో ఒకచోట నా కళ్లముందే సీసాలోంచి ఆకుపచ్చ సిరప్పు వంచి, సోడా పోసి, పైన ఒక్క పుదీనా ఆకు తేలేసి చేతికిచ్చారు. ఆ ఆకు కూడా ఎండిపోయి ఉంది.

చివరగా పైన పెట్టే రెమ్మ. దాన్ని అలంకారమని వదిలేయకండి. తలభాగం ఉన్న రెమ్మ ఒకటి తీసుకుని, అరచేతిలో పెట్టి రెండో చేత్తో ఒక్క చరుపు చరిచి, స్ట్రా పక్కనే గుచ్చండి. తాగేటప్పుడు ముక్కు దాని దగ్గరికే వెళుతుంది, సగం మోజిటో అక్కడే ఉంది. శనివారం పొద్దున కొన్న కట్టను కాడలు కత్తిరించి, పువ్వుల్లా గ్లాసుడు నీళ్లలో నిలబెడితే సాయంత్రానికి నవనవలాడుతూ ఉంటుంది. మిగిలిన కాడలను అలాగే ఉంచితే వారం తిరిగేసరికి వేళ్లు వస్తాయి, కుండీలో గుచ్చి ఎండ సగం తగిలేచోట పెట్టుకోండి.

జవాబు 8
రాసినవారు: గవర్నరుపేట పాతకాపు

ఒక్క జాగ్రత్త. ఇది తియ్యగా, చల్లగా ఉండి రమ్ము ఉన్నట్టే తెలియదు, ఎండలో దాహానికి గబగబా లోపలికి పోతుంది. రెండు గ్లాసులయ్యాయంటే మూడు చిన్న పెగ్గులు అయినట్టు లెక్క. మీ బావమరిది గారు తిరిగి విజయవాడ వెళ్లవలసినవారైతే, ఆ రాత్రికి మంచం గుంటూరులోనే వేయించండి.

జవాబు 9
రాసినవారు: బ్రాడీపేట నాలుగో లైను

శనివారం గడిచింది కనక జరిగినది రాస్తున్నాను. తెల్ల రమ్ము తెచ్చాను, పాకం శుక్రవారమే చేశాను, సోడా పొద్దుటి నుంచీ ఫ్రిజ్‌లో ఉంది. రంగు నీళ్లలా తేటగా వచ్చింది, లోపల ఆకులు ఆకుల్లాగే కనిపించాయి. చేదు లేదు. ఆఖరి గుక్కదాకా సోడా బుడగలు లేస్తూనే ఉన్నాయి. మందు ముట్టని ఇద్దరూ అల్లం గ్లాసు రెండేసి సార్లు అడిగి తాగారు.

ఒక్క తప్పు మాత్రం జరిగింది. మొదటి రెండు గ్లాసుల్లో వెల్లుల్లి, ఇంగువ వాసన లీలగా తగిలింది. కారణం వెతికితే పప్పుగుత్తి. మధ్యాహ్నం దోసకాయ పప్పు మెదిపినది అదే, కడిగినా కొయ్య పీల్చుకున్న పోపు వాసన పోలేదు. పిడి కొనకు కూడా పట్టేసింది. మూడో గ్లాసు నుంచి స్టీలు గరిటె కాడతో అదిమాను. మా బావమరిది ఆ మొదటి గ్లాసు తాగి, "బావగారూ, పోయినసారి ఇడ్లీ, ఈసారి అన్నం" అన్నాడు కాని, మూడో గ్లాసు తానే కలుపుకున్నాడు, రాత్రికి ఇక్కడే పడుకున్నాడు. ఆదివారం పొద్దున్నే శ్రీమతి కొత్త పప్పుగుత్తి ఒకటి కొనిపించి, పాతదాని పిడికి ఎర్రదారం చుట్టి వంటింట్లో ఉంచుకుని, కొత్తది నాకు ఇచ్చింది.